కళ్లు తిరిగే చెవి జబ్బుతో గోదావరి గట్టున నడవడం ఎలా?

పొద్దున ఆరు గంటలకు పాల చెంబుతో కాలువ గట్టు మీద వస్తుంటే ఎదురుపడిన ఊరి పెద్దాయన ఒకరు, "ఏం మాస్టారూ, ఇంత పొద్దున్నే మొదలుపెట్టేశారా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను కల్లు కూడా రుచి చూసినవాణ్ణి కాదు. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్లు అదే గట్టు మీద సైకిలు తొక్కినవాణ్ణి, ఆ రోజు తిన్నగా పది అడుగులు వేయలేక తూలుతున్నాను. 2014లో నా ఎడమ చెవి లోపలి నరానికి వాపు వచ్చింది. వాపు తగ్గింది గాని, అది పాడుచేసిన సమతూకం పూర్తిగా తిరిగి రాలేదు. వైద్యులు చెప్పినవీ, పొరపాటు చేసి నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇది వైద్యానికి బదులు కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మిగిలిపోయే రోజుల కోసం.

ముందు ముక్కాలి పీటను అర్థం చేసుకోండి

మనం రెండు కాళ్ల మీద నిలబడుతున్నామనుకుంటాం. శరీరం నిలబడేది ముక్కాలి పీట మీద. ఒక కాలు కళ్లు, రెండోది నేలను తాకే పాదాలు, మూడోది లోపలి చెవి. ఆ చెవిలో ద్రవం నిండిన మూడు వంపు గొట్టాలు ఉంటాయి. తల తిప్పితే ద్రవం కదిలి ఆ సంగతి మెదడుకు చేరవేస్తుంది. తాపీ మేస్త్రీ చేతిలోని రసమట్టం లాంటిదే అనుకోండి. పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో సున్నపు రేణువులుంటాయి, పైకేదో కిందికేదో చెప్పేవి అవి. కుడి చెవీ ఎడమ చెవీ ఒకే మాట చెప్పినంత కాలం మనకు వాటి ఉనికే తెలియదు. ఒకటి మూగబోతే, కదలకుండా కూర్చున్నా తల గిర్రున తిరుగుతోందని మెదడు నమ్మేస్తుంది. జబ్బు వచ్చిన మొదటి రోజు కరెంటు పోయి ఆగి ఉన్న ఫ్యాను నా కళ్ల ముందు తిరుగుతూనే ఉంది. తిరిగింది ఫ్యాను కాదు, నా కనుగుడ్లు పక్కకు జారి మళ్లీ వెనక్కి లాక్కుంటున్నాయి.

పొట్టిదైపోయిన ఆ మూడో కాలికి తగ్గట్టు మెదడు లెక్క సరిచేసుకోగలదు. దానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అయితే తల కదులుతుంటేనే, కాళ్లు నడుస్తుంటేనే సరిచేసుకుంటుంది. మంచం మీద మెడ బిగబట్టుకుని పడుకున్న మెదడుకు నేర్చుకోవడానికి పాఠమే ఉండదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పకపోవడం వల్ల మొదటి నాలుగు నెలలు దండగ చేసుకున్నాను.

ఏ రకం తిరుగుడో నోటుపుస్తకంలో రాయండి

"కళ్లు తిరుగుతున్నాయి" అంటే వైద్యుడికి ఏమీ తెలియదు. ఎంతసేపు తిరిగింది, అప్పుడు ఏం చేస్తున్నారు, చెవిలో ఏమైనా మార్పు ఉందా అనే మూడు ముక్కలు తేదీతో సహా రాసుకుని వెళ్లండి.

పక్క మీద పొర్లినప్పుడో, అటక వైపు తలెత్తినప్పుడో లోకం గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతే, బహుశా సంచిలోని రేణువులు ఊడి గొట్టంలో పడ్డాయి. దీనికి నెలల తరబడి మాత్రలు అక్కర్లేదు. తలను ఒక క్రమంలో తిప్పి రేణువులను వాటి చోటికి పంపే పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించాడు. తెలిసిన చెవి వైద్యుడి దగ్గర అది పది నిమిషాల పని. కొందరికి కొంతకాలానికి మళ్లీ వస్తుంది, మళ్లీ చేయించుకుంటే సరి.

తిరుగుడు ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా ఉండి, దాంతోపాటు ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే మెనియేర్ జబ్బు కావచ్చు. 1861లో ఫ్రెంచి వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్, ఇలాంటి తిరుగుడుకు మూలం మెదడులో కాదు, లోపలి చెవిలో ఉందని చెప్పాడు. అప్పటిదాకా మెదడుకు రక్తం పోటెత్తిందని అనుకునేవారు. మన ఊళ్లలో ఇప్పటికీ పైత్యం అంటారు, లేదా మెడ ఎముక అరిగిందంటారు. నాకూ మెడకు పట్టీ వేశారు. యాభై దాటినవాడి మెడకు ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపించడం మామూలే. అది కనిపించినంత మాత్రాన తిరుగుడుకు అదే కారణమని కాదు.

నాలాగా ఒకేసారి రోజుల తరబడి తిరిగి, వాంతులై, ఆ తర్వాత తూలుడు మిగిలిపోతే నరం వాపు అయి ఉండవచ్చు.

వీటన్నిటికీ ముందు ఒక మాట. తిరుగుడుతో పాటు మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యో కాలో పడిపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా నోటుపుస్తకం పక్కన పడేసి 108కి ఫోను చేయండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోయినా అదే రోజు చెవి వైద్యుణ్ణి చూడాలి, వారం ఆగితే వైద్యానికి సమయం మించిపోవచ్చు.

తిరుగుడు దెబ్బ పడ్డప్పుడు ఏం చేయాలి?

ఉన్నచోటే కూలబడండి. అరుగు దాకా వెళ్దాం, మంచం దాకా వెళ్దాం అనే ఆ నాలుగు అడుగుల్లోనే తుంటి విరుగుతుంది. నేల మీద కూర్చుని, కదలని వస్తువు ఒకదాన్ని చూపుతో పట్టుకోండి. పడుకుంటే మంచి చెవి కిందికి ఉండేలా పక్కకు తిరిగితే చాలామందికి కాస్త నయంగా ఉంటుంది. వాంతి తగ్గాక గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగాలి.

ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి, చేతిలో తాళం చెవులు పెట్టవద్దని, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టవద్దని, చుట్టూ మూగి ప్రశ్నలు అడగవద్దని. అన్నిటికంటే, మంచం అంచున కూర్చోవద్దని. మా ఆవిడ ప్రేమగా వచ్చి నులక మంచం పట్టె మీద కూర్చునేది. ఆ చిన్న కుదుపుకు నా కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. చెప్పడానికి నాకు మొహమాటం. మూడో రోజున చెప్పేశాను.

తిరుగుడును అణిచే మాత్రలు ఆ రెండు మూడు రోజులకే. వాటిని నెలల తరబడి వాడితే మెదడు నేర్చుకోవడం మందగిస్తుంది. మందుల షాపులో పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనుక్కునేవాళ్లు నాకు తెలుసు, నేనూ కొన్నాళ్లు కొన్నాను. మరొకటి, జెంటమైసిన్ జాతి ఇంజెక్షన్లు లోపలి చెవిని దెబ్బతీయగలవు. ఏ జబ్బుకు ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా మీ చెవి సంగతి ముందు చెప్పండి.

గోడ మీద ఏడు అంకె

ఇప్పుడు అసలు పని. ఈ కసరత్తులకు పునాది 1940లలో ఇంగ్లండులో పడింది. తలకు దెబ్బలు తగిలిన సైనికుల కోసం కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు తయారుచేశారు. ఇప్పుడు ఫిజియోథెరపీ చేసేవాళ్లు వాటినే మెరుగుపరచి నేర్పుతున్నారు. ఒకసారి వాళ్ల దగ్గర నేర్చుకుని ఇంట్లో కొనసాగించండి.

నేను క్యాలెండరులోంచి 7 అంకె కత్తిరించి, కంటి ఎత్తులో, చేతి దూరంలో గోడకు అంటించాను. చూపు అంకె మీదే ఉంచి తలను ఇటూ అటూ తిప్పాలి, కాదు కాదు అన్నట్టు. ఎక్కువ దూరం తిప్పనక్కర్లేదు, జానెడు చాలు. అంకె చెదరకుండా కనిపించినంత వేగంతోనే తిప్పాలి. చెదిరిందంటే వేగం తగ్గించాలి. తర్వాత అవునవును అన్నట్టు పైకీ కిందికీ. మొదటి వారం ఇరవై సెకన్లకే వికారం వచ్చి కుర్చీ పట్టుకున్నాను. నెలన్నరకు నిమిషం చేయగలిగాను. ఆపైన రోజుకు నాలుగైదు సార్లుగా విడగొట్టి, మొత్తం ఇరవై నిమిషాలు. అది తేలికైపోయాక అంకెను గోడ మీద నుంచి తీసి, దండెం మీద ఆరేసిన గళ్ల దుప్పటికి పిన్నుతో గుచ్చాను. గళ్ల మధ్య 7ను పట్టుకోవడానికి కళ్లు మళ్లీ మొదటి రోజు పాట్లే పడ్డాయి. సంతలో, పెళ్లి పందిట్లో తల తిరిగేది ఇందుకేనని అప్పుడు అర్థమైంది.

నిలబడే కసరత్తు గది మూలలో చేయాలి. వెనక రెండు గోడలు, ముందు ఒక కుర్చీ, పక్కన ఒక మనిషి. పాదాలు రెండూ కలిపి అర నిమిషం, తర్వాత ఒక పాదం మడమకు వెనక రెండో పాదం వేళ్లు ఆనించి అర నిమిషం. అవి కుదిరాక అవే కళ్లు మూసుకుని, చివరికి మడత పెట్టిన బొంత మీద. ఒంటరిగా ఉన్నప్పుడు కళ్లు మూసే కసరత్తు వద్దు. చివరగా వసారాలో నడుస్తూ తలను ఒకసారి తులసికోట వైపు, ఒకసారి గోడ వైపు తిప్పాలి.

కొలత ఒక్కటే. చేస్తున్నప్పుడు తిరుగుడు కాస్త పెరగాలి, ఆపాక పావుగంట, ఇరవై నిమిషాల్లో సర్దుకోవాలి. అసలు పెరగకపోతే మీరు కసరత్తును మోసం చేస్తున్నారు. సాయంత్రం దాకా తగ్గకపోతే రేపు సగం చేయండి. మెనియేర్ ఉన్నవాళ్లు దెబ్బకూ దెబ్బకూ మధ్య, స్థిమితంగా ఉన్న రోజుల్లోనే చేయాలి.

ఆవకాయ సంగతి

ఇది మెనియేర్ వాళ్లకు. లోపలి చెవి ద్రవం పొంగకుండా ఉప్పు తగ్గించమంటారు వైద్యులు. దీనికి రుజువులు అంత గట్టివి కావు గాని, రక్తపోటుకు ఎలాగూ మంచిదే. పెద్దవాళ్లకు రోజుకు ఐదు గ్రాముల లోపు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే దాదాపు ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడం, ఊరమిరప, ఉప్పు చేప ఒకే పూట కంచంలో ఉంటే ఆ చెంచా అక్కడే అయిపోతుంది. మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక పూటకు ఒకటి అనుకోండి. ఏ రోజుకారోజు ఒకే తీరుగా ఉండటం ముఖ్యం. మా ఉక్కపోతలో చెమట కారిపోతుంది కాబట్టి నీళ్లు మాత్రం తగ్గించవద్దు.

ఇల్లు, దారి

రాత్రి పడక నుంచి స్నానాలగది దాకా చిన్న దీపం వెలగాలి. చీకట్లో పీటకు కళ్లనే కాలు కూడా పోతుంది. తుఫాను రోజుల్లో కరెంటు రాత్రంతా ఉండదు కాబట్టి దిండు పక్కన టార్చి ఉండాలి. జారే పట్టాలు తీసేయండి. అరిగిన హవాయి చెప్పులకు బదులు పాదాన్ని పట్టి ఉంచే, పలచని గట్టి అడుగున్న చెప్పులు వాడండి, నేల ఎలా ఉందో పాదానికి తెలియాలి. కంట్లో శుక్లం ముదిరితే వాయిదా వేయవద్దు. చెవి పోయినవాడికి కళ్లు రెండింతలు పనిచేస్తాయి.

కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడ్డాను. కర్ర పట్టాక పెద్దాయన ఆ మాట మళ్లీ అనలేదు. తాగినవాడు కర్రతో తిరగడు కదా. కర్ర ఆసరా సగం, ఎదుటివాడికి చెప్పే జవాబు సగం.

దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియని మెనియేర్ దశలో మోటారు సైకిలు వద్దు. మన రోడ్లు సగం కాలువ పక్కనే పోతాయి, చాలాచోట్ల గోడ కూడా ఉండదు. నిచ్చెన, కొబ్బరిచెట్టు, డాబా అంచు కూడా మానుకోవలసినవే. కొబ్బరి దింపుడు బతుకుతెరువైనవాళ్లకు ఈ మాట చెప్పడం తేలిక కాదు. అయినా చెప్పాలి. నాట్ల వేళ చేను గట్టు మీద నడవాల్సి వస్తే మడిలోకి దిగి నడిచినా పరువేమీ పోదు.

బస్సులో ముందు సీటు, చూపు దూరంగా రోడ్డు మీద, ఫోను జేబులో. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి, మనుషులనూ బళ్లనూ గోదావరి దాటించే పంటు మీద వెళ్లేటప్పుడు కమ్మీ పట్టుకుని ఎదుటి ఒడ్డును చూస్తూ ఉండండి, నీళ్లను చూడకండి. ఒడ్డు తగలగానే అందరితో పాటు దిగవద్దు. మోటారు సైకిళ్లన్నీ వెళ్లిపోనిచ్చి, దిగాక గట్టి నేల మీద ఇరవై లెక్కపెట్టి అప్పుడు కదలండి.

నీళ్లు

దీన్ని చివర రాసినా మా ప్రాంతం వాళ్లు ముందు చదవాలి.

2015 జూలైలో పుష్కరాలు. అప్పటికి నాకు జబ్బు వచ్చి ఏడాది దాటింది, నడక బాగుపడింది. చిన్నప్పటి నుంచి గోదావరి పాయ వశిష్ఠలో ఈదినవాణ్ణి. మా ఊరి రేవులో నడుముల లోతుకు దిగి, ముక్కు మూసుకుని, కళ్లు మూసుకుని మునిగాను. మొదటి మునక బాగానే అయింది. రెండో మునకలో పాదాల కింద ఒండ్రు జారింది. లేద్దామని కాళ్లు తన్నితే తల దేనికో తగిలింది, అది నది అడుగు. పైకనుకుని కిందికి తన్నాను. కళ్లు తెరిస్తే ఎర్ర నీళ్లు, వెలుగు ఏ వైపుందో తెలియలేదు. మా తమ్ముడు జుట్టు పట్టి లాగాడు. నడుముల లోతు నీళ్లే.

తర్వాత వైద్యుణ్ణి అడిగితే విడమరచి చెప్పారు. నీళ్లలో శరీరం తేలుతుంది కాబట్టి పాదాలు ఏమీ చెప్పవు. కళ్లు మూసుకున్నారు. పైకేదో కిందికేదో చెప్పవలసింది ఇక చెవి ఒక్కటే, అదే మీకు సరిగా లేదు. రెండు చెవులూ దెబ్బతిన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదమట.

కాబట్టి రేవులో మెట్టు మీద కూర్చునే స్నానం. మోకాళ్లు దాటిన నీళ్లలోకి ఒంటరిగా దిగవద్దు, ఎంత ఈత వచ్చినా సరే. తల ముంచవద్దు. పాచి పట్టిన ఆఖరి మెట్టు మీద నిలబడవద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు కట్టుకోండి, ఎవరు నవ్వినా. చేపల చెరువు దగ్గర పనిచేసేవాళ్లు మేత చల్లే పడవ మీద నిలబడకుండా కూర్చుని చల్లాలి, గట్టు మీద ఇంకొకరు ఉండాలి.

మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. మా తమ్ముడు ఇప్పటి నుంచే హెచ్చరిస్తున్నాడు, "అన్నయ్యా, నువ్వు నీళ్లలోకి దిగితే నేను రాను." ఇత్తడి సామాన్ల కొట్టులో పొడుగు మెడ చెంబు ఒకటి చూసి పెట్టుకున్నాను.