డీడ్ మన పేరు మీదకి మారింది, మరి రీఫైనాన్స్ ఎందుకు ఆగింది?

అమెరికాలో అమ్మానాన్నల నుంచో, విడాకుల సెటిల్‌మెంట్‌లోనో ఇల్లు మన పేరు మీదకి వచ్చేసింది కదా, ఇంక తక్కువ రేటుకి రీఫైనాన్స్ (కొత్త లోన్‌తో పాతది తీర్చడం) చేసేద్దాం అని అప్లై చేస్తే చాలామందికి ఫైలు మధ్యలో ఆగిపోతుంది. డీడ్ చెప్పేది ఇల్లు ఎవరిదని, నోట్ చెప్పేది అప్పు ఎవరిదని, ఒకటి మారినంత మాత్రాన రెండోది మారదు. కింద తిప్పలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

సమస్య: "లోన్ మీ పేరు మీద లేదు, వివరాలు చెప్పలేం" అని పాత సర్వీసర్ (లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీ) పేఆఫ్ లెటర్, అంటే లోన్ తీరడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం ఇవ్వట్లేదు.
కారణం: నోట్ మీద సంతకం ఇంకా పాత ఓనర్‌దే.
పరిష్కారం: మిమ్మల్ని "సక్సెసర్ ఇన్ ఇంట్రెస్ట్"గా, అంటే పాత ఓనర్ నుంచి ఇల్లు అందుకున్నవాళ్లుగా కన్ఫర్మ్ చెయ్యమని రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో గంటలు గంటలు హోల్డ్‌లో ఉండటం దండగ. దీనికి 2018 ఏప్రిల్ నుంచి సీఎఫ్‌పీబీ (ఫెడరల్ వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ) రూల్ ఉంది, ఏ పేపర్లు కావాలో సర్వీసరే చెప్పాలి, కన్ఫర్మ్ అయ్యాక బారోయర్‌కి చెప్పినట్టే మీకూ చెప్పాలి. రికార్డయిన డీడ్ కాపీ, అవసరమైతే డెత్ సర్టిఫికెట్, విడాకుల ఆర్డర్ ముందే జతచేస్తే ఒక రౌండు తగ్గుతుంది.

సమస్య: ఓనర్ మారాడని తెలిసి బ్యాంకు మొత్తం లోన్ ఒకేసారి కట్టమంటుందేమో అని భయం.
కారణం: లోన్ పేపర్లలో ఉండే డ్యూ-ఆన్-సేల్ క్లాజ్.
పరిష్కారం: 1982 గార్న్-సెయింట్ జర్మైన్ చట్టం భార్యాభర్తలకి, పిల్లలకి మార్చినప్పుడు ఆ క్లాజ్ వాడనివ్వదు. ఎల్ఎల్‌సీలోకి (సొంతంగా పెట్టుకునే కంపెనీ) మార్చినవాళ్లకి మాత్రం ఈ రక్షణ లేదు, ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని ఇంటిని ఎల్ఎల్‌సీలో పడేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సమస్య: క్యాష్-అవుట్ (ఇంటి మీద పెద్ద లోన్ తీసుకుని మిగిలిన డబ్బు చేతికి తీసుకోవడం) అడిగితే "సీజనింగ్ సరిపోలేదు", అంటే కావలసినంత కాలం గడవలేదు అన్నారు.
కారణం: ఫ్యానీ మే (లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థ) లెక్కలో డబ్బు చేతికొచ్చే రోజుకి బారోయర్లలో ఒక్కరైనా టైటిల్ (ఓనర్ హక్కు) మీద కనీసం 6 నెలలు ఉండాలి, తీర్చబోయే మెయిన్ లోన్ వయసు మామూలుగా 12 నెలలు దాటాలి.
పరిష్కారం: వారసత్వంగా వచ్చినా, విడాకుల్లో కోర్టు ఇచ్చినా ఆ 6 నెలల రూలు వర్తించదు, కానీ ఈ సంగతి లోన్ ఆఫీసర్‌కి మీరే గుర్తుచెయ్యాల్సి రావచ్చు. మామూలు గిఫ్ట్ అయితే ఆగండి, లేదా క్యాష్ లేకుండా రేటు మాత్రమే మార్చుకోండి. కొందరు లెండర్లు దీనిపైన సొంత రూల్స్ కూడా పెడతారు కాబట్టి అప్లికేషన్ ఫీజు కట్టకముందే అడగండి.

సమస్య: ఓనర్ హక్కు రికార్డులు పరిశీలించే టైటిల్ కంపెనీ "క్లియర్ కాదు" అంది.
కారణాలు ఇక్కడ బోలెడు. మనవాళ్లకి మొదటిది పేరే, డీడ్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో పొట్టి అక్షరం ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ముందుది వెనక్కి పోతుంది, చూసేవాళ్లకి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. ఆ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలాసార్లు సరిపోతుంది, డీడ్‌లోనే తప్పు పడితే కరెక్షన్ డీడ్ రికార్డ్ చేయించాలి. రెండోది పాత హెలాక్ (ఇంటి తాకట్టు మీద కావలసినప్పుడు వాడుకునే అప్పు ఖాతా): బ్యాలెన్స్ సున్నా అయినా అకౌంట్ క్లోజ్ చెయ్యకపోతే తాకట్టు కౌంటీ రికార్డుల్లో అలాగే కూర్చుంటుంది, క్లోజ్ చెయ్యమని లెటర్ ఇచ్చి రిలీజ్ రికార్డయ్యేదాకా వెంటపడాలి. మూడోది పెద్ద తలనొప్పి, తండ్రి పోయాక ప్రొబేట్ (ఆస్తి పంచే కోర్టు ప్రక్రియ) లేకుండా ఒక్క కొడుకే క్విట్‌క్లెయిమ్ (తన హక్కు వదులుకునే డీడ్) రాసి ఇచ్చెయ్యడం. క్విట్‌క్లెయిమ్‌లో రాసినవాడి దగ్గర ఎంత హక్కు ఉంటే అంతే వస్తుంది, మిగతా వారసుల సంతకాలో కోర్టు ఆర్డరో లేకుండా ఇది తేలదు, లాయర్ ఖర్చు తప్పదు.

సమస్య: అన్నదమ్ముల వాటా కొనాలి, దాన్ని క్యాష్-అవుట్ అంటున్నారు, రేటు ఎక్కువ.
కారణం: కొనుగోలు ఒప్పందం కాగితం మీద లేదు.
పరిష్కారం: ఎవరికి ఎంత, ఎలా అన్నది రాసి అందరూ సంతకం పెడితే ఫ్యానీ మే దీన్ని లిమిటెడ్ క్యాష్-అవుట్‌గా తీసుకుంటుంది, అంటే క్యాష్-అవుట్ కింద లెక్కించదు. మామూలుగా 12 నెలలు కలిసి ఓనర్లుగా ఉండాలి, వారసత్వపు ఇంటికి ఆ షరతు లేదు, కానీ ఆ డబ్బులో మీ చేతికేమీ రాకూడదు. మీరు ఉండే ఇల్లే అయితే సంతకాలయ్యాక రద్దు చేసుకోవడానికి సాధారణంగా 3 బిజినెస్ డేస్ ఉంటాయి, శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారాలూ ఫెడరల్ సెలవులూ రావు, కాబట్టి చెక్కు సంతకాల రోజే వస్తుందని తమ్ముడికి మాటివ్వకండి.