మనసుకి తగిలిన దెబ్బకి థెరపీ ఎలా మొదలుపెట్టాలి

హుద్‌హుద్ తుఫాను రోజు, అంటే 2014 అక్టోబర్ 12న, మా పిన్ని విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లో ఒక్కత్తే ఉంది, కిటికీ రెక్క ఊడిపోకుండా గొళ్ళెం పట్టుకుని గంటలు గంటలు అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కాస్త గాలేస్తే చాలు, పాత పేపర్లు మడతపెట్టి కిటికీ సందుల్లో కుక్కేసి రాత్రంతా కూర్చునేది. అదే సర్దుకుంటుందిలే అని మేం ఊరుకున్నాం, అది మా తప్పు.

తుఫానే అవ్వక్కర్లేదు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురం గ్యాస్ లీక్ కావచ్చు, బైక్ యాక్సిడెంట్ కావచ్చు, ఇంట్లో దెబ్బలు కావచ్చు, నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే ఇంక ఆగకండి. సైకియాట్రిస్ట్ మందులు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, థెరపీ చేస్తారు. సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. డబ్బులు కష్టమైతే విశాఖ చినవాల్తేరులో గవర్నమెంట్ మానసిక ఆసుపత్రి ఉంది, ఎవరైనా చూస్తారేమో అని ఆగిపోవద్దు, ప్లీజ్.

మొదటి రోజే అంతా చెప్పేయక్కర్లేదు. పిన్ని మొదట వెళ్ళిన కౌన్సిలర్ "మర్చిపోండమ్మా" అని పంపేశారు, అలాంటిచోట ఉండకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

అసలు జరిగేదేంటంటే, గండం గడిచిందని బుర్రకి తెలుసు, ఒంటికి తెలీదు, థెరపీ అది ఒంటికి నేర్పుతుంది. పిన్నికి తర్వాత దొరికిన థెరపిస్ట్ ముందు ఊపిరి నెమ్మదిగా వదలడం, కాళ్ళు నేలకి ఆనించి చుట్టూ కనిపించేవి పేర్లు పెట్టి చెప్పడం నేర్పారు. తర్వాతే ఫోన్లో గాలి చప్పుడు చాలా తక్కువ సౌండ్‌లో పెట్టి, భయం పదికి ఎంత అని అడిగేవారు, పిన్ని ఎనిమిది అనేది, చప్పుడు ఆపకుండా కూర్చుంటే కాసేపటికి అయిదు అనేది. తప్పించుకున్నకొద్దీ భయం ముదురుతుంది, ఎదురుగా కూర్చుంటే మెల్లగా దిగుతుంది, కిటుకంతా ఇదే. కానీ ఇది థెరపిస్ట్ లేకుండా సొంతంగా మొదలుపెట్టొద్దు. ఆ తర్వాత హోంవర్క్, సాయంత్రం పది నిమిషాలు బాల్కనీలో, మొదట్లో బాబాయి చెయ్యి పట్టుకుని, తర్వాత ఒక్కత్తే.

కొన్ని సెషన్ల తర్వాత కలలు ఎక్కువవ్వచ్చు, ఒళ్ళు నీరసంగా ఉండొచ్చు, మానెయ్యకుండా అదే వాళ్ళకి చెప్పండి, స్పీడు తగ్గిస్తారు. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఇంకా అదేనా" అనకండి, పక్కన కూర్చోండి చాలు.

చచ్చిపోవాలనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఇప్పుడే ఫోన్ చెయ్యండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, లేదా ఎవరినైనా తోడు తీసుకుని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) క్యాజువాలిటీకి వెళ్ళిపోండి.