వానాకాలం భువనగిరి గుట్ట: ఎక్కడం సరే, దిగేటప్పుడు చూసుకోండి

తొలకరి పడి గుట్టలు పచ్చబడ్డాయంటే ఆదివారం పొద్దున్నే ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కే బైకులు ఎక్కువవుతాయి. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లలో, 500 అడుగులకు పైగా లేచి నిలబడ్డ ఒంటి బండ భువనగిరి. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ సాధన చేసింది ఈ బండ మీదే. తాడు కట్టుకుని, పక్కన కోచ్ ఉండగా చేసింది. సెల్ఫీ కోసం రెయిలింగ్ దాటేవాళ్లు ఆ ముక్క మరిచిపోతారు.

పొడి గ్రానైటు గరుకుగా ఉండి బూటును పట్టి ఉంచుతుంది. మనిషిని పడేసేది పాకుడు. బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయే, అవి వాన నీళ్లు పారే దారులు. ఎండాకాలంలో వాటి మీద నడిచినా ఏమీ కాదు. నాలుగు వానలు పడ్డాక అదే చార సబ్బు రాసినట్టవుతుంది. చుట్టూ బండ ఆరిపోయినా అక్కడ మాత్రం నీళ్లు సన్నగా కారుతూనే ఉంటాయి. కాబట్టి రంగు చూసి అడుగేయండి: నలుపు, ఆకుపచ్చ కనిపిస్తే పక్కకు తప్పుకోండి.

దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలడం అందరూ చేసే తప్పు. అప్పుడు బరువంతా మడమ అంచు మీద పడి, కాలు ముందుకు జారుతుంది. మోకాళ్లు కొంచెం వంచి, పాదమంతా ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయండి. మరీ నిటారుగా అనిపిస్తే కూర్చుని దిగండి. ప్యాంటు పోతే పోయింది.

అటక మీద ఏళ్లుగా పడున్న బూట్లయితే రెండు రోజుల ముందే ఇంటి మెట్లెక్కి దిగి చూడండి. జిగురు ఎండిపోయిన సోలు ఎక్కేటప్పుడు బాగానే ఉండి, దిగేటప్పుడు ఊడుతుంది. గోళ్లు కత్తిరించుకోండి. దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకుంటే బొటనవేలు ముందుకు తన్నుకోదు.

మబ్బు పట్టినా చెమట ఆగదు, మనిషికి 2 లీటర్ల నీళ్లుండాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ఘాటుగా ఉండాలని పెద్దదాన్ని అరలీటరులో కలిపితే దాహం తీరదు సరికదా, కడుపు తిప్పుతుంది.

మధ్యాహ్నం మబ్బులు కమ్మేలోపు కిందికి వచ్చేయాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేవంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఆ బోడి బండ మీద అన్నిటికన్నా ఎత్తు మీ తలే. పైనున్న పాత కట్టడంలో దూరితే వాన తగలదేమో కానీ పిడుగుకు అది అడ్డు కాదు. తడి బండ మీద ఆసరా ఇచ్చే ఇనుప రెయిలింగే అప్పుడు ప్రమాదం, దాన్ని పట్టుకోకండి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా వెనక్కి తిరగాల్సిందే.

కాలు బెణికితే బూటు విప్పకండి, వాచాక మళ్లీ ఎక్కదు. లేసు వదులు చేసి, క్రేప్ బ్యాండేజీ బూటు మీదుగానే చుట్టండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగి ఉండొచ్చు, నడిపించకుండా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేది గుట్ట కిందిదాకే. మనిషి మెట్ల మీద ఉన్నాడా, పైన బండ మీద ఉన్నాడా అన్నది ముందే చెప్పి, దారి చూపడానికి ఒకరిని కిందికి పంపండి.