అటక మీది డబ్బా టీవీకి వీడియో గేమ్ తగిలించే ముందు

దసరా సెలవులు, ఆ వెంటనే పైడితల్లమ్మ సిరిమాను. విజయనగరంలో ఆ వారం మా ఇంటి నిండా పిల్లలే. పాత డబ్బా టీవీ అటక దిగేదీ అప్పుడే. మన వైపు తుఫాన్ల కాలం కూడా అదే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. అందుకే టీవీ దించే ముందే ఇవి చదవండి.

21 అంగుళాల టీవీ 20 కేజీల పైమాటే, ఆ బరువంతా అద్దం వైపే ఉంటుంది. అద్దాన్ని గుండెకు ఆనించుకుని, కింద మరొకరు పట్టుకోగా దించండి. వెనక బుర్ర గోడకు కొట్టుకోకూడదు. లోపల పిక్చర్ ట్యూబ్ మెడ వేలంత సన్నంగా ఉంటుంది, అది చిట్లితే ట్యూబ్ పోయినట్టే.

దించగానే ప్లగ్ పెట్టకండి. వానాకాలమంతా చెమ్మ పీల్చుకుని ఉంటుంది. కళింగపట్నం లాంటి తీరం ఊళ్లలో అయితే ఉప్పుగాలి కూడా. ఒకటి రెండు రోజులు ఫ్యాను గాలికి ఉంచి, వెనక సందుల్లోంచి టార్చి వేసి చూడండి. ఎలక గూడో, చచ్చిన బల్లో కనిపిస్తే మెకానిక్‌ని పిలవండి, మీరు మాత్రం మూత విప్పొద్దు. ట్యూబ్ వీపు మీద రబ్బరు టోపీ ఒకటి ఉంటుంది. కలర్ టీవీ నడిచేటప్పుడు దాని కింద 20 వేల వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా ఆ చార్జి చాలాసేపు నిలిచి ఉండొచ్చు. టీవీ వేసినప్పుడు లోపల చిటచిటమన్నా, కాలిన వాసన వచ్చినా వెంటనే స్విచ్ కట్టేయండి.

ఎక్కువ ఇళ్లలో పొరపాటు జరిగేది అడాప్టర్ దగ్గర. మా బావ జపాన్ నుంచి ఫామికాం (నింటెండో వాళ్ల పాత వీడియో గేమ్ పెట్టె) తెచ్చాడు. దాని అడాప్టర్ 100 వోల్టులకు చేసినది. నేను చూసుకోకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టేశాను. నిమిషం తిరక్కుండానే గుంయ్‌మని, ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది. మేనల్లుడి చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. ఆ రోజు నుంచి అడాప్టర్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవందే ఏదీ పెట్టను. పిన్ను దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఫామికాంకి 10 వోల్టుల డీసీ కావాలి, పిన్ను మధ్యలో మైనస్. దాని అమెరికా రకమే ఎన్ఈఎస్, ఆ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. అది తెచ్చి ఫామికాంకి పెడితే గేమ్ పాడవుతుంది.

వైర్లు తగిలించేటప్పుడు టీవీ, గేమ్ రెండింటి ప్లగ్గులూ తీసి ఉంచండి. పసుపు, తెలుపు పిన్నులు పెట్టాకే కరెంటు. బొమ్మ పైకీ కిందకీ దొర్లుతున్నా, రంగు రాకపోయినా కంగారు పడకండి. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు బొమ్మ గీస్తాయి. జపాన్, అమెరికా గేములు ఎన్టీఎస్‌సీ పద్ధతివి, 60 సార్లు. రెండూ పట్టే టీవీ వెతుక్కోవాలి తప్ప వెనక స్క్రూలు తిప్పితే కుదరదు. పాత కంప్యూటర్ మానిటర్‌కి నేరుగా కలపాలని కూడా చూడకండి. అది బొమ్మ గీతలు గీసే వేగం 31 కిలోహెర్ట్జ్ (సెకనుకు 31 వేల గీతలు) దగ్గర మొదలవుతుంది, ఈ గేములు ఇచ్చేది 15 మాత్రమే, మధ్యలో కన్వర్టర్ ఉండాలి.

తుపాకీతో బాతుల్ని కొట్టే ఆట డబ్బా టీవీ మీదే పని చేస్తుంది, పిల్లలకు అదంటే ప్రాణం. "మావయ్యా, ఇంకొక్క లెవెల్" అని బతిమాలతారు. ఉరుము వినపడితే మాత్రం ఒప్పుకోవద్దు. స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గులూ కేబుల్ వైరూ పీకేయాలి. పిడుగు కేబుల్ గుండా కూడా వస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా ప్లగ్ తీసేయండి. మళ్లీ వచ్చాక ఓ ఐదు నిమిషాలు ఆగి, బల్బు వెలుగు ఎక్కువ తక్కువ లేకుండా నిలకడగా ఉంటేనే టీవీ పెట్టండి.