షాపు కంప్యూటరు పాఠాలు – 4: ఫైలు ఎక్కడ పెట్టాలి, ఏ పేరు పెట్టాలి

పోయిన పాఠంలో డ్రైవు, ఫోల్డరు, ఫైలు అంటే ఏమిటో చూశాం. కొత్త ఫోల్డరు చెయ్యడం (కంట్రోల్, షిఫ్ట్, ఎన్), పేరు మార్చడం (ఎఫ్2) చేతికి అలవాటు చేసుకున్నాం. ఇంటిపనిగా మీ కంప్యూటరు డెస్క్‌టాప్ మీద ఎన్ని ఐకాన్లున్నాయో లెక్కపెట్టమన్నాను. వంద దాటినా సిగ్గుపడక్కర్లేదు. నరసన్నపేట నుంచి టెక్కలి దాకా ఏ జిరాక్స్ షాపులోకి తొంగిచూసినా తెర మీద వాల్‌పేపరు కనబడే చోటుండదు.

ఈసారి పాఠం కాస్త పెద్దది. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు చేసే డీటీపీ షాపును ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీది ఎరువుల కొట్టయినా ట్యూషన్ సెంటరైనా పద్ధతి ఇదే, పేర్లు మారతాయంతే.

ముందు డెస్క్‌టాప్ సంగతి

డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవులో ఉన్న ఒక ఫోల్డరు. నమ్మకం లేకపోతే సీ తెరిచి యూజర్స్‌లోకి, అందులో మీ పేరున్న ఫోల్డర్లోకి వెళ్లి చూడండి. మీ ఐకాన్లన్నీ అక్కడ కనిపిస్తాయి. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా మామూలుగా దాని పక్కనే ఉంటాయి. విండోస్ పాడై, మెకానిక్ వచ్చి సీ డ్రైవు ఫార్మాట్ కొట్టాడంటే ఇవన్నీ ఒక్కసారే పోతాయి. "డీ డ్రైవు ముట్టుకోలేదండీ" అని అతను చెప్పేది నిజమే కానీ, మీ పని మొత్తం డెస్క్‌టాప్ మీదే ఉన్నప్పుడు ఆ మాట మనకెందుకు?

కాబట్టి డీ డ్రైవులో "పనులు" అని ఒక ఫోల్డరు చెయ్యండి. ఇకమీదట షాపు పనంతా దాని లోపలే. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటికి సీ ఒక్కటే వస్తుంది. అలాంటప్పుడు సీలోనే, డెస్క్‌టాప్ బయట, ఈ ఫోల్డరు పెట్టుకుని, ఫార్మాట్ మాట వినగానే ముందు దాన్ని బయటికి తీయించండి. ఇంకో మాట. సీ, డీ తరచుగా ఒకే డిస్కుకి రెండు భాగాలు. డిస్కే చెడితే రెండూ పోతాయి. అందుకని డీలో పెట్టినంత మాత్రాన బ్యాకప్ (వేరేచోట దాచుకునే ఇంకో కాపీ) తీసుకున్నట్టు కాదు.

గిరాకీ ఏమని అడుగుతారు?

ఫోల్డర్లు ఎలా విడదీసుకోవాలి అన్నదానికి నేను చెప్పే సూత్రం ఒక్కటే: ఫైలు కోసం రేపు వచ్చే మనిషి నోట్లో ఏ మాట ఉంటుందో ఆ మాటే ఫోల్డరు పేరు కావాలి. ఆ మనిషి ఇలా అడుగుతుంది:

"బాబూ, పోయినేడు మాఘమాసంలో మా పెద్దమ్మి పెళ్లికి కార్డులు నువ్వే కొట్టినావు గదా. ఉర్లాం, గేదెలోలం. ఆ బొమ్మే ఎట్టీసి మా గుంటడికీ కొట్టీ."

మీ ఫోల్డర్ల వరస మొత్తం ఇందులోనే ఉంది. పెళ్లికార్డు అన్నది పని. పోయినేడు మాఘం అన్నది కాలం. ఆ తర్వాత ఊరు, ఇంటిపేరు. అది పేజ్‌మేకర్లో చేశారా కోరల్‌డ్రాలో చేశారా (రెండూ కార్డులు తయారుచేసే ప్రోగ్రాములే) అన్నది ఆమెకు పట్టదు. తను షాపుకి ఏ తారీకున వచ్చిందో కూడా గుర్తుండదు. కానీ మన షాపుల్లో ఫోల్డర్లు చూడండి: "పేజ్‌మేకర్", "కోరల్", "ఫోటోలు", "పీడీఎఫ్". ఒకే పెళ్లి తాలూకు కార్డు ఒకచోట, వినాయకుడి బొమ్మ ఇంకోచోట, తప్పులు చూసుకోమని వాట్సాప్‌లో పంపిన నమూనా, అంటే ప్రూఫు, మరోచోట. మూడూ దొరికితేనే పని మొదలవుతుంది.

నేను సిఫారసు చేసే వరస ఇది: పనులు, దాని లోపల పెళ్లికార్డులు, దాని లోపల 2025, దాని లోపల ఒక్కో పెళ్లికి ఒక్కో ఫోల్డరు. అంతే, ఇంకా లోతుకి వద్దు. ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే డ్రైవు పేరు దగ్గర్నుంచి ఫైలు పేరు దాకా మొత్తం దారి 260 అక్షరాలు దాటుతుంది. అప్పుడు చాలా ప్రోగ్రాములు ఆ ఫైలు తెరవలేవు, కాపీ చేయబోతే పేరు మరీ పొడవుగా ఉందని విండోస్ కూడా మొండికేస్తుంది.

ఊరికి పైన జిల్లా ఫోల్డరు ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. "శ్రీకాకుళం జిల్లా" ఫోల్డర్లో పాలకొండ పెట్టుకున్న షాపుకి ఆ రోజు నుంచి సగం పాలకొండ ఒక జిల్లాలో, సగం ఇంకో జిల్లాలో. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మారే అవకాశం ఉన్నదాన్ని పై ఫోల్డరు చెయ్యకండి. ప్రభుత్వ పథకాల పేర్లకీ ఇది వర్తిస్తుంది. "పింఛను" అని పెట్టుకోండి, ఆ ఏడు పథకం పేరేదో పెట్టుకోకండి.

తారీకు ఎలా రాయాలి

పెళ్లి ఫోల్డరు పేరు ఇలా ఉంటుంది: 2025-02-16_ఉర్లాం_గేదెల.

ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. మనకు 16/02/2025 అని రాయడం అలవాటు. కానీ ఏటవాలు గీతను విండోస్ పేర్లలో ఒప్పుకోదు. కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, డబుల్ కోట్స్, నిలువు గీత కూడా అంతే. సరేనని 16-02-2025 అని పెడితే పేరు ప్రకారం వరస పెట్టినప్పుడు అన్ని నెలల 16వ తారీకులూ ఒకచోట చేరతాయి. ఏడాది ముందుంటే కాలక్రమం దానంతట అదే వస్తుంది. వాట్సాప్ నుంచి దించిన ఫోటో పేరు గమనించండి, అదీ ఏడాదితోనే మొదలుపెట్టి తారీకు రాస్తుంది. ఫిబ్రవరికి 2 కాకుండా 02 అని రెండంకెలు వెయ్యాలి.

ఏ తారీకు? ముహూర్తం తారీకు. పని ఎప్పుడు చేశామన్నది కంప్యూటరు ఎలాగూ "డేట్ మాడిఫైడ్" గడిలో రాసుకుంటుంది. పైగా ఫైలు తెరిచి మళ్లీ సేవ్ చేస్తే అది మారిపోతుంది. పెళ్లివారికి గుర్తుండేది ముహూర్తమే. రాత్రి రెండు గంటల ముహూర్తాలతో మనకు ఎప్పుడూ తంటానే, అది ముందురోజా, తెల్లవారితే వచ్చే రోజా అని. కార్డులో ఏ తారీకు అచ్చేశారో అదే వెయ్యండి. పంచాంగంతో వాదన మనకొద్దు.

పేరు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

తెలుగు పేర్లను విండోస్ చక్కగా చూపిస్తుంది, వెతికిపెడుతుంది. కానీ పేజ్‌మేకర్ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటరు గుర్తుపట్టే పద్ధతి) రాకముందు తరం ప్రోగ్రాము. తెలుగు పేరున్న ఫైళ్లతో అది ఇబ్బంది పెడుతుంది. అందుకని డీటీపీ పనులకు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి (ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను). మిగతా పనులకు మీ ఇష్టం.

రెండింట్లోనూ ఒకే చిక్కుంది, స్పెల్లింగు. నరసన్నపేటకి ఒకరు రెండు ఎస్సులు వేస్తారు, ఒకరు ఒక్కటే వేస్తారు. షాపులో కుర్రాడు ఎన్.ఎస్.పి. అని తేల్చేస్తాడు. తెలుగులోనూ ళకి కింద ళ వత్తు పెట్టిన "పెళ్ళి", ల వత్తు పెట్టిన "పెళ్లి" కంప్యూటరుకి రెండు వేరు మాటలు, ఒకటి కొడితే రెండోది దొరకదు. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద ఒకే రకంగా రాసి మానిటరు పక్కన అంటించండి. ఉర్లాం, జలుమూరు, పోలాకి, సారవకోట, ఇలా. షాపులో అందరూ అదే చూసి కొట్టాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన తెలుగు విండోస్ లెక్కలో తెలుగే కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. సెర్చి గడిలో పెళ్లికూతురి పేరు తెలుగులో కొడితే ఆ కార్డు ఏ జన్మకీ దొరకదు. మీరు వెతకగలిగేది ఫైలు పేరునీ ఫోల్డరు పేరునీ మాత్రమే.

ఫోల్డరు లోపలి ఫైళ్లకి ప్రూఫ్1, ప్రూఫ్2, ప్రూఫ్3 అని అంకెలు వేసుకుపోండి. మెషీను మీదకి వెళ్లినదానికి మాత్రం "ప్రింట్" అని పెట్టండి. "ఫైనల్" అన్న మాట షాపులో నిషేధించండి. పెళ్లికొడుకు మేనమామ పేరు మర్చిపోయామని ఫోను వచ్చేదాకా ఏదీ ఫైనల్ కాదు.

చాలా ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చాల్సివస్తే మొదటిదాని మీద ఎఫ్2 నొక్కి, పేరు కొట్టి, ఎంటర్ బదులు ట్యాబ్ నొక్కండి. తర్వాతి ఫైలు పేరు తెరుచుకుంటుంది. తప్పు పడితే కంట్రోల్, జెడ్.

జరపడంలో ఒక మెలిక

మౌసుతో లాగి పడేస్తే ఒకే డ్రైవు లోపలైతే ఫైలు జరుగుతుంది. ఒక డ్రైవు నుంచి ఇంకో డ్రైవుకైతే కాపీ అవుతుంది, పాతది అక్కడే ఉండిపోతుంది. డెస్క్‌టాప్ ఉన్నది సీలో, మీ "పనులు" ఉన్నది డీలో. అంటే మీరు లాగిన ప్రతి కార్డూ రెండవుతుంది. రేపు ఒకదాంట్లో తప్పు దిద్ది రెండోది ప్రింటు కొడతారు. అందుకని కంట్రోల్, ఎక్స్‌తో తీసి కంట్రోల్, వీతో పెట్టండి. లేదా మౌసు కుడి బటన్‌తో లాగండి. వదిలినచోట కాపీయా, మూవా అని అదే అడుగుతుంది.

పేజ్‌మేకర్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పెద్ద ఫోటో పెట్టినప్పుడు దాని పూర్తి కాపీని ఫైల్లో ఉంచమంటావా అని పేజ్‌మేకర్ అడుగుతుంది. వద్దని ఉంటే అది ఫోటో ఉన్న దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఫోటో జరిపితే ఆ దారి తెగుతుంది, ప్రింటులో బొమ్మ నాసిగా వస్తుంది. పాత పనులు జరిపాక ఒక్కోటీ తెరిచి, లింకు మళ్లీ చూపించి సేవ్ చెయ్యాలి. ఓపిక లేకపోతే పాతవాటిని కదపకండి. ఆ గిరాకీ మళ్లీ వచ్చినరోజు చూసుకోవచ్చు.

ఆధార్, బ్యాంకు పుస్తకం స్కాన్లకు మాత్రం ఫోల్డరే వద్దు. ప్రింటు ఇచ్చాక ఫైలు మీద షిఫ్ట్, డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో ఉండిపోతుంది. వాళ్ల కాగితాలు మన దగ్గర పేరుకుపోవడం సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, తర్వాత తలనొప్పి.

అభ్యాసం

ఆషాఢంలో ముహూర్తాలుండవు, షాపు ఖాళీ. పనులు, పెళ్లికార్డులు, ఈ ఏడాది అంకె, ఈ మూడు ఫోల్డర్లు చేసి ఈ ఏటి కార్డులు మాత్రమే అందులోకి తెండి. కిందటేటివి ముట్టుకోవద్దు. అయ్యాక ఇంట్లో ఎవరినైనా పిలిచి, ఊరు, ఇంటిపేరు మాత్రమే చెప్పి, ఒక కార్డు వెతికిపెట్టమనండి. వాళ్లు మిమ్మల్ని ప్రశ్న అడగకుండా తీయగలిగితే పేర్లు కుదిరినట్టే. అడిగారంటే ఆ ప్రశ్న రాసిపెట్టుకోండి, పేరులో లేనిది అదే.

వచ్చే పాఠం బ్యాకప్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మీ పని మీ చేతిలో ఉండాలంటే ఏం చెయ్యాలో అందులో చూద్దాం. దానికొక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కావాలి. కొనేముందు "పనులు" ఫోల్డరు మీద ఆల్ట్, ఎంటర్ నొక్కి సైజు ఎంతుందో రాసుకోండి.