కార్చిచ్చు హెచ్చరిక నుంచి చల్లని వానకు: మారుతున్న వాతావరణ సూచనను చదివే పద్ధతి

వారాల తరబడి కార్చిచ్చు ప్రమాదం గురించే చెబుతూ వచ్చిన ప్రాంతీయ వాతావరణ సూచన ఒక ఉదయం ఉన్నట్టుండి మబ్బులు, చల్లదనం, వానల వైపు తిరిగితే చదివేవారికి ముందుగా కలిగేది ఊరట. ఆ ఊరటకు కారణం లేకపోలేదు గానీ, మంటల ప్రమాదం తగ్గడమూ వాన మొదలవడమూ ఒకే గడియలో జరగవు. ఆ రెంటి నడుమ కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకు సాగే సంధికాలం ఒక్కోసారి అంతకుముందు గడిచిన వేడి రోజులన్నిటినీ మించి ప్రమాదకరంగా ఉంటుంది. అందువల్ల ఇటువంటి సూచనను చదివేటప్పుడు వాన వస్తుందా రాదా అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మొదట గాలిని, తరువాత వాన పరిమాణాన్ని, చివరకు నేల స్థితిని చూడడం మేలు.

అంతకన్నా ముందు, చేతిలో ఉన్న సూచన ఎన్ని రోజుల దూరానికి చెందినదో గమనించాలి. అమెరికాలో 6 నుంచి 10 రోజులకు, 8 నుంచి 14 రోజులకు విడుదలయ్యే అంచనా పటాలు వాన ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో చెప్పవు. ఆ కాలానికి మామూలుగా పడే వాన కంటే ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా, దాదాపు అంతే పడుతుందా అన్న మూడు అవకాశాలలో ఏది ఎంత బలంగా ఉందో మాత్రమే చెబుతాయి. ఏ మొగ్గూ లేనప్పుడు మూడింటికీ తలా 33 శాతం వస్తుంది కాబట్టి, పటంలో ఆకుపచ్చ రంగు మీద 40 అని కనిపిస్తే తక్కెడ కొద్దిగా వాన వైపు వంగిందని మాత్రమే అనుకోవాలి. పైగా ఎండాకాలపు చివరి రోజుల్లో మామూలు వానే రెండు మూడు మిల్లీమీటర్లయితే, మామూలు కంటే ఎక్కువ అన్నా అది నేలను తడపకుండానే పోవచ్చు. రెండు మూడు రోజుల లోపలి సూచనలో అంకెల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు గానీ, అక్కడ కూడా 60 శాతం అన్నది వాన పడే అవకాశమే తప్ప పడే వాన మోతాదు కాదు. వరుసగా వెలువడిన మూడు నాలుగు సూచనలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే మరో సంగతి తెలుస్తుంది: వాన వచ్చే వేళ ప్రతిసారీ కొంత వెనక్కు జరుగుతూ ఉంటే, ఆ వానను లెక్కలోకి తీసుకుని పనులు నిర్ణయించుకోవడం తొందరపాటు.

ఇప్పుడు గాలి సంగతి. వేడి పొడి వాతావరణాన్ని తొలగించేది సాధారణంగా చల్లని గాలిరాశి. అది ముందుకు తోసుకొస్తున్నప్పుడు దాని ముందంచుకు ముందు గాలులు బలపడతాయి, అంచు దాటిన వెంటనే వాటి దిశ గభాలున మారుతుంది, వాన మాత్రం చాలాసార్లు ఆ తరువాత గాని మొదలవదు. దిశ మారడం ఎందుకంత ప్రమాదమో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న జరిగినదానిని గుర్తు చేసుకుంటే చాలు. ఆ రోజంతా వాయవ్యం నుంచి వీచిన వేడిగాలి మంటలను సన్నగా, పొడవుగా సాగదీసింది; సాయంత్రం నైరుతి నుంచి చల్లగాలి రాగానే అప్పటిదాకా పక్కభాగంగా ఉన్న ఆ పొడవైన అంచు మొత్తం మంటకు ముఖంగా మారి కొత్త ఊళ్ల మీదికి నడిచింది. ఆ రోజు మంటల్లో 173 మంది చనిపోయారు. ఉష్ణోగ్రత పడిపోయిన క్షణమే కొన్ని చోట్ల అత్యంత ఘోరమైన క్షణమైంది.

కాబట్టి గంటల వారీ సూచనలో గాలి దిశ ఏ వేళకు మారుతుందో, ఈదురు గాలుల వేగం ఎంతో, వాన ఏ వేళకు మొదలవుతుందో ఒక కాగితం మీద రాసుకోవాలి. గాలి మార్పుకూ తొలి చినుకుకూ మధ్య ఉన్న వ్యవధే అసలు జాగ్రత్తపడవలసిన సమయం. ఆ వ్యవధిలో గాలిలోని తేమ కూడా ముఖ్యమే. గాలిలోని నీటి ఆవిరి మారకుండా ఉష్ణోగ్రత సుమారు 11 డిగ్రీల సెల్సియస్ పెరిగితే తేమ శాతం దాదాపు సగానికి పడిపోతుంది, తగ్గితే అదే లెక్కన పెరుగుతుంది. అంటే చల్లదనం దానంతటదే కొంత మేలు చేస్తుంది, అయితే ఆ మేలు ఎండు గడ్డికి త్వరగా, దుంగలకు చాలా ఆలస్యంగా అందుతుంది. ఈ వ్యవధిలో మరో ముప్పు పొడి పిడుగులు. మబ్బు నుంచి జారిన వాన నేలను చేరేలోపే చాలావరకు ఆవిరైపోయి, పిడుగు మాత్రం చెట్టును తాకే పరిస్థితి ఇది, 2.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ వానతో వచ్చే ఉరుములను అమెరికాలో సాధారణంగా ఈ కోవలో చేరుస్తారు. సూచనలో ఉరుములతో కూడిన జల్లులు అని ఉండి, పక్కన వాన పరిమాణం అతి తక్కువగా కనిపిస్తే దాన్ని శుభవార్తగా తీసుకోకూడదు. అధికారికంగా ఉపసంహరించే దాకా మంటల హెచ్చరిక అమలులో ఉన్నట్టే భావించాలి. ఖాళీ చేసే దారి, వాహనం, సర్దిన సంచి అప్పటిదాకా సిద్ధంగానే ఉండాలి.

వాన పడుతుందని తేలాక అడగవలసిన ప్రశ్న ఎంత, ఎంతసేపు అన్నది. కెనడాలో అభివృద్ధి చేసిన అగ్ని వాతావరణ సూచిక దీనిని చక్కగా లెక్కగడుతుంది. అది అడవి నేలను మూడు పొరలుగా చూస్తుంది: పైన పరుచుకున్న ఎండుటాకులు, సన్నని పుల్లలు, వాటి కింద సగం కుళ్లిన పొర, అన్నిటికంటే లోతున గట్టిపడిన సేంద్రియ పదార్థం. రోజుకు అర మిల్లీమీటరు దాటిన వాన పై పొర లెక్కను మారుస్తుంది, నడిమి పొరకు 1.5 మిల్లీమీటర్లు, లోతైన పొరకు 2.8 మిల్లీమీటర్లు దాటాలి. ఆరే వేగంలోనూ అంతే తేడా ఉంది. పై పొర ఒక రోజులోపే వాతావరణానికి తగ్గట్టు మారిపోతే, నడిమి పొరకు సుమారు 12 రోజులు, లోతైన పొరకు సుమారు 52 రోజులు పడుతుంది. ఇందులో నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా తోచేది ఆ చివరి అంకె. నెలల తరబడి ఎండిన నేలను ఒక మధ్యాహ్నపు జల్లు బాగుచేయలేదు. అది పైపైన తడిపి వెళ్లిపోతే, ఒకటి రెండు రోజుల ఎండకు గడ్డి మళ్లీ అంటుకునే స్థితికి వస్తుంది, లోపలి వేళ్లలో, మోడులలో నివురుగప్పిన నిప్పు రోజుల తరువాత గాలి తగలగానే పైకి లేస్తుంది. అందుచేత గంటలో ముగిసే 10 మిల్లీమీటర్ల జడివాన కంటే రోజంతా నెమ్మదిగా పడే అదే 10 మిల్లీమీటర్ల ముసురు మంటల విషయంలో ఎక్కువ మేలు.

ఈ లెక్కను బట్టి పనులు నిర్ణయించుకోవచ్చు. చెత్త కాల్చడం, బహిరంగ ప్రదేశంలో నిప్పు వేయడం వంటివి తొలి వాన పడగానే మొదలుపెట్టకూడదు. స్థానిక ఆంక్షలు తొలగాలి, ఆపైన కనీసం రెండు మూడు విడతల వాన పడి, బొటనవేలంత మందం కొమ్మను విరిస్తే పెళుసుగా చిట్లకుండా వంగే స్థితి రావాలి. వాన మొదలవక ముందే చేయవలసిన పని మాత్రం ఒకటుంది. చూరు గొట్టాల్లో, మురుగు కాలువల్లో పేరుకున్న ఎండుటాకులను ఎత్తిపోయాలి. అవి పొడిగా ఉన్నంతకాలం నిప్పురవ్వలకు మేత, తడిశాక నీటికి అడ్డు, కనుక ఒకే శ్రమతో రెండు ముప్పులూ తగ్గుతాయి. కొండల్లో నడకకు వెళ్లేవారు ఎండకు తగిన పలుచటి బట్టలతో బయలుదేరి గాలివానలో చిక్కుకుంటే, ఉష్ణోగ్రత సున్నాకు చాలా పైన ఉన్నా శరీరం ప్రమాదకరంగా చల్లబడుతుంది. ఉన్ని దుస్తులు, తడవని పైచొక్కా తప్పనిసరి.

ఇంతవరకు చెప్పింది కాలని నేల గురించి. ఇటీవలే కాలిన కొండవాలు కింద ఉన్నవారు మాత్రం వాన సూచనను పూర్తిగా వేరే కళ్లతో చూడాలి. తీవ్రమైన మంట చెట్ల పందిరిని, నేలపై ఆకుల పరుపును తీసేయడమే గాక, కొన్ని నేలల్లో ఉపరితలానికి కాస్త కింద నీటిని ఇంకనివ్వని మైనం లాంటి పొరను ఏర్పరుస్తుంది. దాంతో నీరు బూడిదను, మట్టిని, బండలను మోసుకుంటూ బురద ప్రవాహంగా దిగుతుంది. కాలిఫోర్నియాలో 2017 డిసెంబరు 4న మొదలైన, థామస్ అని పేరుపడిన కార్చిచ్చు ఇంకా పూర్తిగా అదుపులోకి రాకముందే, 2018 జనవరి 9 తెల్లవారుజామున మాంటెసీటో పట్టణం మీదికి ఇలాంటి ప్రవాహం వచ్చి 23 మందిని బలిగొంది. అక్కడ కీడు చేసింది ఆ రోజు మొత్తం వాన కాదు, కొద్ది నిమిషాలపాటు విపరీతమైన వేగంతో కురిసిన ఒకే ఒక్క జడి.

కనుక అటువంటి చోట రోజు మొత్తానికి ఎన్ని మిల్లీమీటర్లు అన్న అంకె చాలదు. 15 నిమిషాల వ్యవధిలో వాన ఎంత ఉధృతంగా పడవచ్చో సూచనలో వెతకాలి, ఉరుముల జల్లులు, కుండపోత వంటి మాటలు కనిపిస్తే వాన మొదలయ్యేలోపే కొండ దిగువను వదిలి వెళ్లాలి, ఎందుకంటే బురద కదిలాక దారులు ఉండవు. వాలు కింద వాగు వెంట వెళ్లే రోడ్డును, కాలిన మోడుల కింద నీడను ఆ రోజులకు మరచిపోవాలి. ఈ ముప్పు మంట తరువాతి మొదటి రెండేళ్లలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, కొత్త చిగుళ్లు నేలను మళ్లీ పట్టుకునే దాకా ప్రతి వానాకాలపు తొలి సూచననూ ఇదే పద్ధతిలో చదవవలసి ఉంటుంది.