నేరం వెనక కారణాలు ఎలా వెతకాలి

గుంటూరులో లా విద్యార్థులకు క్రిమినాలజీ, అంటే నేరాల గురించిన శాస్త్రం, చెబుతాను. ప్రాజెక్టుకి ఏ కేసు ఇచ్చినా చాలామంది మొదటి లైన్లోనే ‘పేదరికం వల్ల’ అని రాసేస్తారు. పేదవాళ్లలో ఎక్కువమంది ఏ నేరమూ చేయరు. మరి ఈ అబ్బాయే ఎందుకు చేశాడు? అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఒక కేసు ఊహించుకుందాం. విజయవాడ బీసెంట్ రోడ్డులో నిలిపిన బండిని 16 ఏళ్ల కుర్రాడు ఎత్తుకెళ్లాడు.

ముందు ఆ చోటు చూడండి. చేయాలనుకునే మనిషి, చేతికందే వస్తువు, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట కలిస్తేనే నేరం జరుగుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు కోహెన్, ఫెల్సన్ 1979లో చెప్పారు. తాళంచెవి బండికే వదిలేశారా? ఎంతసేపు నిలిపారు? పక్క షాపులు తెరిచి ఉన్నాయా? ఇవన్నీ అక్కడికి వెళ్లి రాసుకోవాలి. కుర్చీలో కూర్చుంటే తెలియవు.

తర్వాత స్నేహాలు. నేరం కూడా దగ్గరివాళ్ల దగ్గర నేర్చుకునేదేనని సామాజిక శాస్త్రవేత్త సదర్లాండ్ వాదన. లాక్ తీయడం ఎవరు నేర్పారన్నది ఒక ప్రశ్న. ‘ఏం కాదులేరా’ అని ఎవరన్నారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న, ఎందుకంటే సమర్థించుకోవడం కూడా నేర్చుకునేదే. నేర శాస్త్రవేత్త హిర్షీ 1969లో ప్రశ్ననే తిరగేశాడు: మిగతావాళ్లు ఎందుకు చేయరు? ఇల్లు, బడి లాంటి బంధాలే వాళ్లను ఆపుతాయన్నాడు. కాబట్టి బడి ఎప్పుడు మానేశాడో, ఇంట్లో ఎవరి మాట వింటాడో వాళ్లమ్మని నెమ్మదిగా అడగండి. పోలీసు విచారణలా ఉండకూడదు. పేదరికం సంగతి ఇప్పుడు రాయండి, సామాజిక శాస్త్రవేత్త మెర్టన్ చెప్పినదానితో కలిపి: ఆశలు అందరికీ ఒకటే, వాటిని అందుకునే దారులు మాత్రం అందరికీ లేవు.

పుట్టుక జోలికి మాత్రం వెళ్లకండి. పుట్టు నేరస్థులు ఉంటారని, దవడలు, చెవులు చూసి పోల్చవచ్చని ఇటలీ వైద్యుడు లాంబ్రోసో 1876లో రాశాడు. ఇంగ్లండ్ జైలు వైద్యుడు గోరింగ్ 1913లో మూడు వేలకు పైగా ఖైదీలను కొలిచి, మామూలు జనంతో పోల్చి, అలాంటి శరీర రకమే లేదని తేల్చాడు. దుడుకుతనం లాంటి స్వభావంలో వంశపారంపర్యానికి కొంత పాత్ర ఉందని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతాయి. కానీ దొంగతనానికి జీన్ అంటూ లేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన నేరస్థ తెగల చట్టం 1871లో మొదలై, 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. దాని పేరుతో యెరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. పసిపిల్లలకీ ఆ ముద్రే. దేశమంతటా ఆ చట్టం 1952 కల్లా రద్దయింది. ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ అనుమానంగా చూసేవాళ్లు ఉన్నారు, నాకు ఒళ్లు మండుతుంది. ముద్ర పడ్డాక మనిషికి మిగతా దారులు మూసుకుపోతాయని సామాజిక శాస్త్రవేత్త బెకర్ 1963లో రాసింది చదివేటప్పుడు ఆ ఊరిని గుర్తుపెట్టుకోండి.

రిపోర్టు రాసేటప్పుడు ‘దొంగ’ అనొద్దు, ఆ రోజు ఏం చేశాడో రాయండి. పిల్లల విషయంలో నిందించే మాటలు వాడకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. పేరు, బడి, వీధి తీసేశాకే నాకు ఇవ్వండి.